గువ్వలదిన్నె ఓడరేవు

గువ్వలదిన్నెకు సముద్రం ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు అక్కడి ఫైర్ స్టేషన్లో ఉన్న వైర్‌లెస్ సెట్టు సంగతి చెప్పాలి. గువ్వలదిన్నె సీమలో ఓ చిన్న ఊరు. చుట్టూ వేరుశనగ చేలు, నల్లరాతి గుట్టలు. అసలు సముద్రాన్ని చూడాలంటే రైలెక్కి ఒక రాత్రంతా ప్రయాణం చేయాలి. చాలామంది ఆ ప్రయాణం పెట్టుకోకుండానే బతికేశారు.

ఆ సెట్టు మొదట్లో మాట్లాడేది. మీట నొక్కి మనం మాట్లాడితే జిల్లా కంట్రోల్ రూములో వినబడేది, వాళ్లు మాట్లాడితే మనకు వినబడేది. సెట్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి కంట్రోల్ రూమువాళ్లు రోజూ పొద్దున్నే అన్ని స్టేషన్లనూ పేరుపేరునా పిలిచేవారు. "గువ్వలదిన్నె, వినపడ్తాందా, ఓవర్" అనగానే స్టేషన్ ఆఫీసర్ ఉరుకుందప్ప "వినపడ్తాంది సార్, తిన్యారా, ఓవర్" అనేవాడు. సీమలో ఎదుటి మనిషి గొంతు వినగానే తిన్నావా అని అడక్కపోవడం పెద్ద అమర్యాద. అవతలివాళ్లు "ఉగ్గాని తిన్యాం, మీరో, ఓవర్" అనేవారు. ఆ బొరుగుల ఉప్మాతో మిరపకాయ బజ్జీలు ఉన్నాయా లేదా అన్న విషయంలో మిగతా స్టేషన్లవాళ్లు కూడా కలగజేసుకునేవారు. ఎక్కడైనా మంట లేస్తే మాత్రం "కొట్టాలపల్లెలో వామి అంటుకునింది, పోతాండాం" అని ఒక్క ముక్క చెప్పి ఇంజను కదిలించేవారు. అంతకంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, అడగడానికీ ఎవరూ ఉండేవారు కాదు.

ఈ లోగా రాజధానిలో అత్యవసర వైర్‌లెస్ ఆధునికీకరణ విభాగం అని ఒకటి పుట్టింది. దానికి డైరెక్టరుగా పరాంకుశం గారు వచ్చారు. ఆయన పెద్దమనిషి, కష్టపడి పనిచేసేవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆయనకు గిట్టనిదల్లా మాటే. రాష్ట్రమంతటా వైర్‌లెస్‌లో ఏం మాట్లాడుకుంటున్నారో టేపులు తెప్పించి విన్నారు. విపత్తుల మీద మాట్లాడుతున్నది కొంచెం, టిఫిన్ల మీద మాట్లాడుతున్నది కొండంత అని తేలింది. వెంటనే సర్క్యులర్ వచ్చింది: "మాట గాలిలో కలిసిపోవును. డేటా శాశ్వతముగా నిలుచును. కావున ఇకమీదట అత్యవసర సేవలు మాట నుండి డేటా వైపు దశలవారీగా ప్రస్థానము చేయవలెను."

మొదటి దశలో సెట్టు పక్కన నాలుగు మీటలు బిగించారు. బయల్దేరితే ఒకటి నొక్కాలి, చేరితే రెండు, నీళ్లు కొడుతుంటే మూడు, తిరిగొస్తే నాలుగు. నిజం చెప్పొద్దూ, అది మంచి పనే. ఉరుకుందప్పకు కూడా నచ్చింది. మంట దగ్గర నిలబడి సెట్టులో అరవాల్సిన బాధ తప్పింది.

మంచి పని జరిగితే అక్కడితో ఆగే అలవాటు ప్రభుత్వానికి లేదు. రెండో దశలో అక్షరాల మీటలు వచ్చాయి. చిన్న చిన్న సందేశాలు టైపు చేసి పంపొచ్చు. మొదటిరోజు పొద్దున రాష్ట్రంలోని అన్ని స్టేషన్ల నుంచీ కంట్రోల్ రూములకు వెళ్లిన సందేశం ఒక్కటే, "తిన్యారా". పరాంకుశం గారు అక్షరాలను రద్దు చేశారు.

మూడో దశలో పెట్టె వచ్చింది. అద్దం ముఖం ఉన్న నల్లటి పెట్టె. వేలితో తాకితే ఘటనల జాబితా కనబడుతుంది. జరిగింది ఏదో దానిమీద వేలు పెడితే చాలు, డేటా దానంతటదే రాజధానికి వెళ్లిపోతుంది. ఆ జాబితాను ఏదో చల్లని దేశం నుంచి తెప్పించారు. అక్కడ పెద్ద ఓడరేవు ఉంది, మంచు కొండలున్నాయి, భూమి కింద రైళ్లున్నాయి. కాబట్టి జాబితాలోనూ అవన్నీ ఉన్నాయి. చిట్టచివర "ఇతరములు" అని కూడా ఒకటి ఉండేది. రాష్ట్రంలోని ఫైర్ స్టేషన్లన్నీ ఏం జరిగినా దాన్నే నొక్కాయి. డైరెక్టరు గారి ఆఫీసు గోడమీద రాష్ట్రపటం మొత్తం "ఇతరములు" రంగులో వెలిగింది. ఆయన చాలా నొచ్చుకుని "ఇతరములు"ను రద్దు చేశారు. "ప్రతి ఘటనయు ఏదో ఒకటి అయి తీరవలెను. సరిగ్గా సరిపోవునది లేనిచో సమీపముగా ఉన్నదానిని ఎంచుకొనవలెను" అని సర్క్యులర్ పంపారు. దాంతోపాటే ఇంకో రెండు నిబంధనలు వచ్చాయి. పెట్టెలో పచ్చదీపం వెలిగితే తప్ప ఇంజను గేటు దాటకూడదు. పాత సెట్ల మైకులను కోసి, మూటగట్టి, రాజధానికి పంపాలి.

మైకును కత్తిరిస్తున్నప్పుడు డ్రైవర్ మాబుసాబు మొహం తిప్పుకున్నాడు. ఉరుకుందప్ప మాత్రం కొత్తదనాన్ని ఇష్టపడే మనిషి. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, తన బల్లమీద ఎత్తుపీట వేసి కూర్చోబెట్టాడు.

మూడో రోజే కొట్టాలపల్లె నుంచి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. వాళ్ల గేదె బావిలో పడిందట. లీడింగ్ ఫైర్‌మన్ బాలనరసింహులు పెట్టె ముందు కూర్చుని జాబితాను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు వెతికాడు.

"సార్, ఎనుము ల్యాదు. బావి గూడా ల్యాదు."

"దగ్గర్లో ఏముండాదో చూడప్పా," అన్నాడు ఉరుకుందప్ప.

"నీళ్లలో పడేటివి రెండే ఉండాయి సార్. నౌక మునక అని ఒకటి, జలాంతర్గామి అదృశ్యం అని ఒకటి."

ఉరుకుందప్ప కాసేపు ఆలోచించాడు. ఆయన దేన్నయినా పద్ధతిగా ఆలోచిస్తాడు. "ఎనుము కనపడ్తాందా, ల్యాదా?" అని వచ్చినాయన్ను అడిగాడు.

"తల పైకే పెట్టుకోనుండాది సార్. బిన్నా రాండి, ఆలస్యం జేయొద్దండి."

"తల కనపడ్తాండాది కాబట్టి అదృశ్యం గాదు. నౌక మునక నొక్కు," అన్నాడు ఉరుకుందప్ప. పచ్చదీపం వెలిగింది. ఇంజను వెళ్లింది, గేదెను తాళ్లేసి పైకి లాగారు. గేదె బాగానే ఉంది.

ఆ వేసవిలో బావుల్లో నీళ్లు అడుగంటాయి. నీటికోసం వంగి చూసిన పశువులు వరసగా పడుతూనే ఉన్నాయి. గువ్వలదిన్నె నుంచి రాజధానికి నౌకలు మునుగుతూనే ఉన్నాయి. ఒక పెళ్లి పందిట్లో తేనెటీగలు లేస్తే "గగనతల దాడి" అని పంపారు. నానిన మట్టిగోడ కూలి కోడిపెట్టలు ఇరుక్కుంటే, సమీపంగా ఉన్నది "మంచు చరియ" ఒక్కటే. పెట్టె ఏదీ కాదనలేదు. అడిగినదానికల్లా పచ్చగా వెలుగుతూ వచ్చింది.

చిక్కల్లా మంటల దగ్గర వచ్చింది. జాబితాలో "అగ్ని" అని శుభ్రంగా ఉంది. అయితే దాన్ని తాకగానే పెట్టె ప్రశ్నలు మొదలుపెట్టేది. ఎన్నో అంతస్తు, భవనంలో లిఫ్టులెన్ని, పైకప్పులో నీళ్లు చల్లే యంత్రాలు పనిచేస్తున్నాయా, భూగర్భంలో కార్లు నిలిపే చోటు ఉందా. ఒక్కదానికి జవాబివ్వకపోయినా పచ్చదీపం వెలగదు. అక్కడ మండుతున్నదేమో చేలో వేరుశనగ కట్టె వామి. వామి అంటే ఆ ఇంటి పశువులకు ఏడాది మేత. అది బూడిదైతే ఆ నెలలోనే ఎద్దుల్ని సంతకు తోలాల్సి వస్తుంది. ఎద్దులు పోయాక చేను ఎవరు దున్నుతారు. ఇవన్నీ తెలిసిన మనిషి గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే, ఉరుకుందప్ప లోపల కూర్చుని లిఫ్టులు లెక్కపెట్టలేకపోయాడు.

దారి ఆయనకే తట్టింది. జాబితా అడుగున "శిక్షణ" అని ఒకటుంది. అభ్యాసం కోసం ఇంజను బయటికి తీసుకెళ్లేటప్పుడు నొక్కవలసింది. దానికి ప్రశ్నల్లేవు. ఒక్కసారి తాకితే చాలు, దీపం వెలుగుతుంది.

"మనం మంట ఆర్పేదాంట్లో అభ్యాసం ల్యాదాప్పా? ఉండాది. ఇది శిక్షణే," అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఇంజను వేళకు చేరింది. వామి సగం మిగిలింది. అప్పట్నుంచి గువ్వలదిన్నె చుట్టుపక్కల ఏం మండినా శిక్షణే అయింది. పత్తి మిల్లు గోదాము అంటుకున్నప్పుడు రెండు రోజులు ఎడతెగకుండా శిక్షణ జరిగింది.

ఏడాది తిరక్కముందే రాజధాని నుంచి ఒక పెద్ద కవరు వచ్చింది. లోపల బంగారు అంచు ప్రశంసాపత్రం ఉంది. "అగ్ని అనునది లేకుండ చేసి, నిరంతర శిక్షణతో సిబ్బందిని సన్నద్ధముగా ఉంచుచున్న గువ్వలదిన్నె కేంద్రమునకు 'నిరగ్ని' పురస్కారము ప్రదానము చేయడమైనది." ఉరుకుందప్ప దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. వచ్చినవాళ్లంతా దాన్ని చూసేట్టుగా కుర్చీలన్నీ ఆ గోడవైపు తిప్పించాడు. బాలనరసింహులు దాన్ని రెండుసార్లు చదివి, "మనం చేసినేదానికి ఇచ్చినారా సార్, చెయ్యనిదానికి ఇచ్చినారా?" అన్నాడు. ఆయన ఆ మాట చెవిలో వేసుకోలేదు.

రెండో కవరు పదిరోజులకు వచ్చింది. అది బంగారు అంచుది కాదు.

"గువ్వలదిన్నె డేటాను సమగ్రముగా పరిశీలించడమైనది. అచ్చట అగ్నిప్రమాదములు శూన్యము. కావున అచ్చటి అగ్నిమాపక వాహనమును, అగ్నిప్రమాదములు అధికముగా నమోదగుచున్న చిత్రావళి కేంద్రమునకు తరలించవలెను. మరియు గువ్వలదిన్నెలో నౌకా ప్రమాదములు రాష్ట్రములోనే అత్యధికముగా ఉన్నందున, అచ్చటికి సముద్ర రక్షణ పడవ ఒకటి మంజూరు చేయడమైనది."

ఉరుకుందప్ప ఆ ఉత్తర్వు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. షెడ్డులోకి వెళ్లి ఇంజను పక్కన నిలబడ్డాడు. గువ్వలదిన్నెకూ, చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ ఉన్నది ఆ ఒక్క ఇంజనే. అది చిత్రావళికి పోతే, అక్కడినుంచి రమ్మంటే వచ్చేసరికి వామి కాదు కదా, వామి పక్కనున్న ఇల్లు కూడా మిగలదు. ముందున్నది ఎండాకాలం. ఆ ఇంజనును ఊరినుంచి పంపించేసింది ఎవరో కాదు, తన వేలే అని తెలిసి ఆయనకు ఏడుపొచ్చింది.

రాజధానికి ఫోను చేశాడు. ఆధునికీకరణ విభాగంలో మాటలు స్వీకరించరనీ, ఏదైనా ఉంటే డేటా పంపాలనీ చెప్పి పెట్టేశారు. పెట్టె ముందు కూర్చుని జాబితా అంతా వెతికాడు. "పొరబాటు జరిగింది" అన్నది అందులో ఎక్కడా లేదు. దానికి సమీపంగా ఉన్నది కూడా ఏమీ కనబడలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

పరాంకుశం గారు ఆయన్ను చూసి నిజంగానే సంతోషించారు. టీ తెప్పించారు. గోడంత అద్దం మీద రాష్ట్రపటం వెలుగుతోంది. తీరం పొడవునా నీలంగా ఉంది. అదిగాక, పటం నడుమ, రాళ్ల సీమలో, ఇంకో నీలపు మచ్చ గుండ్రంగా మెరుస్తోంది.

"అదే మీ గువ్వలదిన్నె," అన్నారాయన ముచ్చటగా. "డేటా రాకముందు అక్కడ సముద్రమున్నదన్న సంగతి ఎవ్వరికీ తెలియదు. మాటల కాలంలో ఎన్ని సముద్రాలు మరుగున పడిపోయాయో చూడండి."

"సార్, మా ఊర్లో సముద్రం ల్యాదు," అన్నాడు ఉరుకుందప్ప. "అవి నౌకలు గాదు సార్. ఎనుములు."

"మీరు స్థానికులు. దగ్గరగా ఉన్నవారికి సమగ్ర చిత్రం గోచరించదు. అది సహజమే."

"సార్, మాకు తాగేదానికే నీళ్లు ల్యావు."

"అది నీటి సరఫరా శాఖవారి డేటా. మన పరిధిలోనిది కాదు."

ఉరుకుందప్ప టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఆఖరికి ధైర్యం చేసి అసలు సంగతి చెప్పేశాడు. మంటలన్నిటికీ తానే శిక్షణ అని నొక్కించాననీ, తప్పు తనదేననీ, ఏ శిక్ష వేసినా పడతాననీ, ఇంజను మాత్రం తీసుకోవద్దనీ బతిమాలాడు. పరాంకుశం గారు అంతా ఓపికగా విన్నారు. ఆ తర్వాత దయగా భుజం తట్టారు.

"మీ వినయము ప్రశంసనీయము. సాధించినదానిని తనది కాదనుటయే గొప్పవారి లక్షణం. అయితే ఒక్క విషయం. నమోదైన డేటాను మార్చుటకు వీలు లేదు. మార్చదగినదైతే అది మాటే అవుతుంది గదా." ఆ తర్వాత గొంతు తగ్గించి, పడవ ప్రారంభోత్సవానికి తానే స్వయంగా వస్తున్నట్టు శుభవార్త చెప్పారు.

పడవ ముందుగా వచ్చింది. పెద్ద లారీ మీద, ఊళ్లోని కరెంటు తీగలన్నీ ఎత్తి పట్టుకుంటే తప్ప రాలేకపోయింది. తెల్లగా, నున్నగా, ముక్కు పైకెత్తుకుని ఉంది. దాన్ని ఎండిన చెరువు నడుమ దించారు. అక్కడ క్రికెట్ ఆడుకునేవాళ్లు వికెట్లు పీక్కుని అవతలికి జరిగారు. కలెక్టరాఫీసువాళ్లు పడవ కింద నీలం గుడ్డ పరిచారు, పక్కన షామియానా వేశారు. పడవకు చుట్టూ కొబ్బరాకులు, రంగు కాగితాలు కట్టారు. ప్రారంభించే వేళకు పడవ సిద్ధంగా ఉండాలని రూలు కాబట్టి దానికి పెట్రోలు పోశారు. రెండు షామియానాలెందుకని, ఇంజను అప్పగింత కూడా అదే వేదిక మీద పెట్టారు.

ముందు అప్పగింత అయింది. చిత్రావళి నుంచి వచ్చిన డ్రైవరుకు మాబుసాబు తాళాలిచ్చాడు. ఇచ్చేటప్పుడు, "రెండో గేరు గట్టిగుంటాది, కోప్పడొద్దు దానిమీద," అని మాత్రం చెప్పాడు. ఇంజను రోడ్డువైపు మొహం పెట్టుకుని నిలబడి ఉంది. ఊళ్లోవాళ్లు పడవను చూడ్డానికి వచ్చి ఇంజనును చూస్తూ నిలబడ్డారు.

పరాంకుశం గారు కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. "నేడు గువ్వలదిన్నె సముద్రముఖముగా ప్రయాణమారంభించినది," అన్నారు. చప్పట్లు మోగాయి. ఎవరో ఉత్సాహవంతులు టపాకాయల సరం అంటించారు. సరం చివరి ముక్క ఎగిరి, ఎటు పోదామా అని చూసుకుని, పడవలో పడింది.

ముందు కొబ్బరాకులు అంటుకున్నాయి. ఆ తర్వాత భగ్గుమంది. జనం వెనక్కి పరిగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ షామియానా తాళ్లవైపు మంట నాలుక చాస్తోంది. బాలనరసింహులు అప్పటికే ఇంజను దగ్గర ఉన్నాడు. చిత్రావళి డ్రైవరు తాళాలు జేబులో గట్టిగా పట్టుకుని, "డేటా లేకుండా కదిలిస్తే నా ఉద్యోగం పోతాది సార్," అన్నాడు. అతని తప్పేం లేదు, రూలు అదే.

"ముందు డేటా," అని పరాంకుశం గారు కూడా అన్నారు. ఆయన భయపడలేదు. ఇలాంటి సమయం కోసమే తాను ఇన్నేళ్లూ శ్రమించానన్న నిబ్బరంతో పెట్టె తెప్పించుకుని, తానే స్వయంగా "అగ్ని" నొక్కారు.

పెట్టె ఎన్నో అంతస్తు అని అడిగింది. సున్నా అన్నారు. సరైన అంతస్తు ఇవ్వమంది. ఒకటి అన్నారు. లిఫ్టులెన్ని అంది. లేవన్నారు. లిఫ్టు లేనిచో కారణము తెల్పుము అంది. ఆయన కారణం తెలపడానికి అక్షరాలకోసం వెతికారు. అక్షరాలను రద్దు చేసింది తానేనని అప్పుడు గుర్తొచ్చింది.

షామియానా మూల అంటుకుంది. ఆయన కండువా అంచు కూడా వేడెక్కింది. "ఏమయ్యా," అన్నారు ఉరుకుందప్పవైపు తిరిగి. గొంతులో ఇదివరకటి గ్రాంథికం లేదు. "మీరు రోజూ ఏం చేసి చస్తారయ్యా?"

"శిక్షణ నొక్కుతాం సార్."

"అయితే అదే నొక్కు."

పచ్చదీపం వెలిగింది. చిత్రావళి డ్రైవరు తాళాలు తీసేలోగా మాబుసాబు వాటిని లాక్కున్నాడు. ఇంజను వెనక్కి తిరిగి చెరువులోకి దూకింది. బాలనరసింహులు గొట్టం పట్టుకున్నాడు. గువ్వలదిన్నెవాళ్లు ఈ పని ఏడాదిగా ఎడతెరిపి లేకుండా అభ్యాసం చేస్తున్నారని రాజధానిలో అందరికీ తెలిసిందే. షామియానా నిలిచింది, డైరెక్టరు గారు తడిసి నిలిచారు. పడవలో మాత్రం ఇనప ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆయన కాలగా మిగిలిన నీలం గుడ్డమీదే చతికిలబడ్డారు. కాసేపటికి ఒక్కో సంగతీ తలకెక్కడం మొదలైంది. డేటా ప్రకారం ఇక్కడ జరిగింది శిక్షణ. శిక్షణలో పడవ కాలదు. కాలితే, కాల్చినవారెవరని అడుగుతారు. శిక్షణ జరిగిందేమో డైరెక్టరు గారి సమక్షంలో. డేటాను మార్చడానికి వీల్లేదు. ఆయన మొహం చూసి ఉరుకుందప్పకు జాలేసింది. ఆ అవస్థ ఎలా ఉంటుందో తనకు బాగా తెలుసు.

"సార్," అన్నాడు పక్కన కూర్చుంటూ. "మార్చేదానికి ల్యాదు గానీ, ఇంకోటి కలిపేదానికి ఏం అడ్డం ల్యాదు గదా. శిక్షణ అయిపాయ. అది అయినాంక ఇంకోటి జరిగింది అనుకుందాం. సముద్రం కాడ 'నౌక దగ్ధం' అని ఒకటుండాది సార్. దానికి ప్రశ్నలు గూడా ల్యావు. సముద్రంలో అంతస్తులుండవు."

పరాంకుశం గారు ఆ మీట కోసం అద్దంమీద తడుముకున్నారు. దొరికాక ఆశగా నొక్కారు. పెట్టె వెంటనే పచ్చగా వెలిగింది. పెట్టె వచ్చిన నాటినుంచి గువ్వలదిన్నె పంపిన డేటాలో పూర్తిగా నిజమైనది అదొక్కటే.

ఆయన ఊపిరి పీల్చుకుని లేచారు. ఉరుకుందప్ప మాత్రం కూర్చునే ఉన్నాడు. ఆయన పద్ధతిగా ఆలోచిస్తున్నాడు.

"ఇంకొక్క మాట సార్. ఈ పొద్దు ఓడరేవులో ఓడ తగలబడిందని రాజధానికి తెలిసిపాయ. అదే పొద్దు ఆడుండే ఒక్క ఇంజనూ మీరే వచ్చి ఎత్తుకపోయినారని గూడా తెలుస్తాది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పైవాళ్లు మిమ్మల్ని ఏమంటారో అని నాకు బయం."

పరాంకుశం గారు ఇంజనువైపు చూశారు. పడవ ఎముకలవైపు చూశారు. ఆ తర్వాత జేబురుమాలుతో మొహం తుడుచుకుని, తన మామూలు గొంతును ఎక్కడినుంచో తెచ్చుకున్నారు. "నౌకలు దగ్ధమగుచున్న ఓడరేవునందు అగ్నిమాపక వాహనము లేకుండుట అనూహ్యము. తరలింపు ఉత్తర్వు ఈ క్షణమే రద్దు చేయడమైనది," అన్నారు. చిత్రావళి డ్రైవరుకు బస్సు చార్జీ ఇప్పించి పంపేశారు.

తర్వాత ఇంకా ఉత్తర్వులు వచ్చాయి. స్టేషన్ బోర్డు మీద "ఓడరేవు అగ్నిమాపక కేంద్రము" అని రాయించారు. దీపస్తంభానికి స్థలం చూపించమంటే ఉరుకుందప్ప ఓ గుట్ట చూపించాడు. దానిమీద నిలబడి చూస్తే నాలుగువైపులా వేరుశనగ చేలే కనబడతాయి. కొలతలు తీసుకోవడానికి వచ్చిన ఇంజనీరు అటూ ఇటూ చూసి, కొలుచుకుని వెళ్లాడు. అతనికీ ఉద్యోగముంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కొట్టాలపల్లెలో లింగమ్మవ్వ వామి అంటుకుంది. ఉరుకుందప్ప "నౌక దగ్ధం" నొక్కి, కబురొచ్చిన కాసేపటికే అక్కడున్నాడు. వామిలో పై భాగం పోయింది. కిందిదంతా మిగిలింది. అవ్వ ఎద్దులు రెండూ చేను గట్టుమీద కట్టేసి ఉన్నాయి. అవ్వ వాటి మధ్య నిలబడి, ఇంజనును ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఇంజను ఎత్తుకపోయినారని అంటిరే నాయనా. ఇంగ యాడొస్తారులే అనుకుంటి."

"ఎత్తుకపోల్యాదవ్వా," అన్నాడు ఉరుకుందప్ప. గొట్టం చుట్టుకుంటూ ఉన్నమాట చెప్పేశాడు. "మన ఊర్లో ఓడలు తగలబడతాండాయని రాజధానిలో లెక్కుండాది. అందుకని ఉంచినారు."

అవ్వ ఎద్దు వీపుమీద పడిన బూడిద చేత్తో తుడిచింది.

"మంచిదే నాయనా. ఇంకో రెండు ఓడలు కాలనీ."